తోలు ప్యాంటూ, రైలు కూతా

మార్చి 3

అక్కా,

ఎలా ఉన్నావ్? నేను బాగాలేను. ముందే చెప్పేస్తున్నా, చదువుతూ చదువుతూ కంగారు పడకుండా. ఒంట్లో బాగానే ఉంది, ఒళ్ళే మండిపోతోంది.

హోటల్ గదిలో కూర్చుని రాస్తున్నా. కూర్చుని అన్నానే గానీ, రెండు వాక్యాలకోసారి లేచి కిటికీ దాకా వెళ్ళొస్తున్నా. కింద పార్కింగులో మన బ్యాండు వ్యాను. దాని పక్కన మీ ఆయన మోకాలికి కట్టు కట్టుకుని కుంటుకుంటూ నడుస్తున్నాడు. నాకు కనపడాలనే అక్కడ నడుస్తున్నాడని నా అనుమానం.

విషయం ఏంటంటే, నిన్న షో అయ్యాక మేనేజరు మా నలుగురినీ కూర్చోబెట్టి ఒక బొమ్మ చూపించాడు. స్టేజీ మీద స్టూళ్ళు. పొగ లేదు, మెరుపు లైట్లు లేవు. అందరికీ బూడిదరంగు కాటన్ చొక్కాలు. జుట్టుకి రంగు మానేయాలట. పోస్టరు మీద 'వయసుతో పండిన బ్యాండు' అని రాస్తారట. పండటానికి మేమేమన్నా అరటిగెలా? ఇంక రైలు పాట గుసగుసలాడుతున్నట్టు నెమ్మదిగా పాడాలట, చివర కూత తీసేయాలట! ఆ కూత కోసమే కదే జనం టిక్కెట్టు కొనేది. రైలు పాటలో కూత లేకపోతే ఇంక అది రైలెలా అవుతుంది?

పిడుగు ఏమీ అనలేదు. డ్రమ్ములు వాయించేవాడు ఎలాగూ కూర్చునే ఉంటాడు, వాడికేం పోయింది. బేస్ వాయించే మౌని సంగతి సరేసరి, వాడు నోరు విప్పి నాలుగేళ్ళయింది. బావ మాత్రం తల దించుకుని 'ఒకసారి ఆలోచించరా' అన్నాడు. బావ! గిటారు పళ్ళతో వాయించిన మనిషి!

వాళ్ళు ముసలాళ్ళయ్యారు, ఒప్పుకుంటాను. బావకి మోకాలు, పిడుక్కి మణికట్టు. కానీ నాకేమైందే? నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు నువ్వు కుట్టిచ్చిన తోలు ప్యాంటు యాభై ఆరేళ్ళకీ గుండీ పడుతోంది. కూత ప్రతి షోలోనూ వస్తూనే ఉంది. శ్రుతులూ తీగలూ బావ చూసుకుంటాడు, అరవడం నా పని, నా పనిలో ఏమన్నా తేడా వచ్చిందా? నా పాత రికార్డులు నేను విననని నీకు తెలుసు, ఒకసారి పాడేశాక అది జనానిది. నువ్వే విని చెప్పు.

ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. కొరియర్లో పంపిస్తున్నా, ఎప్పట్లాగే బాగుచేసి పంపు. మీ ఆయనకి నువ్వే కాస్త బుద్ధి చెప్పు. నువ్వు చెబితే వింటాడు, నేను చెబితే నవ్వుతాడు.

నీ తమ్ముడు
(స్టూలు ఎక్కనివాడు)


మార్చి 10

ఒరేయ్ తమ్ముడూ,

టూర్లో ఫోన్ మాట్లాడితే గొంతు అరిగిపోతుందని నువ్వు పెట్టుకున్న నియమం వల్ల ముప్పై ఏళ్ళుగా నాకు ఈ ఉత్తరాల శిక్ష. పొద్దుటి నుంచీ సూది పట్టుకున్న చేత్తో మళ్ళీ పెన్ను పట్టుకోవాలి. వేళ్ళు పీక్కుపోతున్నాయి, అక్షరాలు వంకరపోతే నన్ననకు.

ప్యాంటు అందింది. మోకాలు కుట్టాను. పక్కలూ కాస్త చూశాను, దారం లూజయినచోట బిగించాను. వేసుకుని చూడు.

స్టూలు సంగతికి వస్తే, కూర్చుంటే కొంపలేం మునిగిపోతాయిరా? నేను ఈ దుకాణంలో కూర్చునే కదా బతుకంతా లాక్కొచ్చింది. నన్నెవరూ ముసలిదాన్నని పోస్టరు వేయలేదు. మీ బావ మోకాలి నొప్పి నాటకం కాదు. ఇంటికొచ్చినప్పుడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంటున్నారు. నీ ముందు మాత్రం పట్టుకోరు, నువ్వు వెక్కిరిస్తావని.

మొన్న బ్యాంకు దగ్గర కాపలా ఉండే పెద్దమనిషి కోటు పట్టుకొచ్చాడు. గుండీలు ఊడిపోతున్నాయమ్మా, దారం మంచిది కాదు అన్నాడు. దారం నిక్షేపంగా ఉంది, పొట్టే ముందుకొచ్చింది. ఆ మాట నేనెందుకంటాను? గుండీలు కాస్త ఇవతలికి జరిపి కుట్టిచ్చాను. వేసుకుని అద్దంలో చూసుకుని, 'చూశారా, దారమే' అన్నాడు. మా వృత్తిలో సగం పని సూదితో, మిగతా సగం నోరు మూసుకోవడంతో.

ప్యాంటుతో పాటు ఒక కాటన్ చొక్కా పెట్టాను. వేసవి కదా, ఎప్పుడూ ఆ తోలులో ఉడికిపోకు. నీ పుట్టినరోజుకని కుట్టాను, నెల ముందే అయింది, ఏమనుకోకు.

మేనేజరుతో పేచీ పెట్టుకోకు. నీకు కోపం ముక్కు మీద ఉంటుంది, అది దిగేలోపు నోరు జారుతుంది.

అక్క


మార్చి 18

అక్కా,

పార్సిలు విప్పితే ఏముందీ? బూడిదరంగు కాటన్ చొక్కా! బొమ్మలో మేనేజరు చూపించిన రంగు, అచ్చం అదే. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది కూడా.

అంటే అందరూ కలిసి ముందే అనుకున్నారన్నమాట. బావ నాకంటే ముందు నీకు చెప్పాడు, నువ్వు కత్తెర పట్టుకుని సిద్ధంగా కూర్చున్నావు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. పుట్టినరోజు అని పేరు పెట్టి పంపావు, నా చెవిలో పువ్వు బాగానే పెట్టావు. నువ్వూ వాళ్ళ వైపేనా అక్కా? చిన్నప్పుడు పక్కింటి వాళ్ళు నా పాటకి కిటికీలు మూస్తే, నువ్వెళ్ళి వాళ్ళ కిటికీ కిందే నిలబడి నాతో పాడించావు. ఆ అక్క ఏమైంది?

అందుకే చెప్పేస్తున్నా. నాలుగు రోజుల కిందట షో అయ్యాక అందరి ముందూ చెప్పేశాను, ఇక మీకూ నాకూ సెలవని. పిడుగు ఏడిచాడు. మౌని నాలుగేళ్ళలో మొదటిసారి నోరు తెరిచి, 'సరే' అన్నాడు. బావ గిటారు పెట్టెలో పెట్టుకుని, మూత వేసి, ఆ మూత మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. నేను చూడనట్టు వచ్చేశాను.

నాకు వేరే బ్యాండు దొరికింది. ముగ్గురు. ముగ్గురి వయసూ కలిపితే కూడా నా వయసుకి పెద్ద ఎక్కువ రాదు. మన మొదటి రికార్డు విని విని ప్రతి పాటా పొల్లుపోకుండా నేర్చుకున్నారు. వాళ్ళ బేస్ అమ్మాయికి నేను మర్చిపోయిన చరణాలు కూడా వచ్చు. ఏప్రిల్ పదహారున, మనం మొదటిసారి పెద్ద షో చేసిన ఆ పాత హాల్లోనే చేస్తున్నాం. పొగ, మెరుపు లైట్లు, తోలు, అన్నీ అప్పటిలాగే. చివరి పాట రైలు పాట, కూతతో సహా. టిక్కెట్లు అమ్మకానికి పెట్టేశారు.

స్టేజీ బట్టలు కుట్టే అతను ఒకడు ఇక్కడ ఉన్నాడు. కొత్త తోలు ప్యాంట్లు రెండు చెప్పాను. నీకు శ్రమ ఎందుకు, నీ వేళ్ళు పీక్కుపోతున్నాయి కదా.

ఇట్లు
నీ తమ్ముడు
(కొలతలు నీకు తెలిసినవే, మనిషే తెలియలేదు)


మార్చి 24

ఒరేయ్,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. గొంతు దాచుకుంటున్నావో, ముఖం దాచుకుంటున్నావో తెలీదు.

ముందు చొక్కా సంగతి. ఆ గుడ్డ నేను చలికాలంలో మీ బావ కోసం తెచ్చాను. ఆయనకి కుట్టాక మిగిలితే నీకూ ఒకటి కుట్టాను. మీ బావ దాన్ని వేసుకుని మీటింగుకి వెళితే మేనేజరుకి రంగు నచ్చిందట, అందుకే బొమ్మలో ఆ రంగు దిగింది. ఇందులో కుట్ర లేదురా, మిగిలిన గుడ్డ ఉంది, అంతే. నువ్వు రాసింది చదివి ఆ రోజు రెండు గౌన్లకి చేతులు తిప్పి కుట్టాను. వాటిని మళ్ళీ విప్పుకున్నాను.

మీ బావ ఇంటికొచ్చేశారు. ముందు గదిలో గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. అన్నానికి పిలిస్తే వస్తున్నారు, తిన్నది ఏమిటో అడిగితే చెప్పలేకపోతున్నారు. నువ్వు నాకు తమ్ముడివి, ఆయన నాకు మొగుడు. మీ ఇద్దరూ కలిసి ఒకే వ్యానులో తిరుగుతుంటే నాకు ఇద్దరి దిగులూ ఒక్కటే. ఇప్పుడు రెండయింది, రాత్రంతా అటూ ఇటూ దొర్లుతున్నాను.

రెండు మాటలు చెబుతాను, ఎందుకని అడక్కుండా విను. ఒకటి, పాత తోలు ప్యాంటు ఆ కుట్టేవాడికి ఇవ్వకు. నమూనాకి కూడా ఇవ్వకు. విప్పనివ్వకు. రెండోది, ఆ పిల్లలతో రైలు పాట మొదలుపెట్టేముందు మీ బావతో ఒక్కసారి మాట్లాడు. ఒక్కసారి చాలు.

నువ్వు ఎక్కడ తిరిగినా బాగుండాలి. కోపం ఉంటే ఉండనీ, తిండి మానకు.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? ఇంకొకడు నాకు బట్టలు కుడుతున్నాడని నీకు కడుపుమంట అనుకున్నాను. రైలు పాట బాణీ తనది కాబట్టి పాడొద్దని బావ నీ చేత రాయిస్తున్నాడు అనుకున్నాను. అందుకే జవాబు రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నా. కాళ్ళు నిలవట్లేదు, గదిలో తిరుగుతూ గోడకి కాగితం ఆనించి రాస్తున్నా.

కొలత ఎంతని కుట్టేవాడు అడిగితే నడుము ముప్పై అన్నాను. అతను నన్ను పైనుంచి కిందకి చూసి, 'పాత ప్యాంటు ఒకటి తెచ్చిపెట్టండి సార్' అన్నాడు. తెచ్చాను. అతను దాన్ని తిరగేసి, లోపలి గుడ్డ విప్పి, దీపం దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకున్నాడు. రెండు పక్కలా అతికించిన తోలు పట్టీలు. ఒకదాని పక్కన ఒకటి. బయటికి కనపడకుండా అన్నింటికీ నల్లరంగు పూశావు గానీ, లోపల ఒక్కో పట్టీ ఒక్కో నలుపు. 'ఎవరో చాలా ప్రేమగా కుట్టారు సార్' అన్నాడు. చంపేయాలనిపించింది.

అదే వారం రిహార్సలు. రైలు పాట ఎత్తుకున్నాం. మొదటి చరణంలోనే మెడ నరాలు బిగుసుకున్నాయి. కూత దగ్గరికొచ్చేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పాడాను. మళ్ళీ. మూడోసారి దగ్గొచ్చింది, ఆ పిల్లలు నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. నాకేదో పెద్ద రోగం వచ్చిందనుకున్నాను అక్కా. గొంతులో గడ్డ ఉందని డాక్టరు చెబుతాడనుకుని, వెయిటింగ్ రూములో కూర్చుని నీకు ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. ఆయన గొంతులోకి కెమెరా దించి చూసి, 'ఏమీ లేదండీ, శుభ్రంగా ఉంది' అన్నాడు. మరి ఎందుకు రాదు అంటే, 'మీకు యాభై ఆరు కదా' అన్నాడు.

యాభై ఆరు పోయిన నెల కూడా ఉంది కదా, పోయిన నెల కూత వచ్చింది కదా! మా ఆఖరి షో రికార్డింగు ఆ బేస్ అమ్మాయికి వినిపించాను, చూడు వస్తోంది అని. ఆ పిల్ల విని, గిటారు తీసుకుని రెండుసార్లు మీటి చూసుకుని, 'సార్, ఇది రికార్డులో శ్రుతి కాదు. మూడు మెట్లు కింద వాయిస్తున్నారు. మీకు తెలీదా?' అంది.

నాకు తెలీదు.

బావ ఎప్పటి నుంచి దించుతున్నాడు? పిడుక్కి తెలుసా? మౌనికి తెలిసే మాట్లాడ్డం మానేశాడా? ఏళ్ళ తరబడి స్టేజీ మీద నిలబడి పొట్ట మీద చరుచుకుని చూపించాను, చూడండి నేను మారలేదని. మీరందరూ వెనక నవ్వుకున్నారా? ఇంటర్వ్యూలలో చెప్పానే అక్కా, దేవుడిచ్చిన గొంతు, అరగదు అని. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

షో ఇంకో పది రోజుల్లో ఉంది. హాలు నిండిపోయిందట. నాకు వేసుకోవడానికి ప్యాంటు లేదు, పాడటానికి పాట లేదు. నన్ను ఇంత మోసం ఎందుకు చేశారు?

తమ్ముడు


ఏప్రిల్ 9

తమ్ముడూ,

నవ్వుకోలేదు. ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకో, మిగతావి నన్ను ఎన్నన్నా పడతాను.

మొదటి పట్టీ నీకు ముప్పై నాలుగేళ్ళప్పుడు వేశాను. ఆ రోజు ప్యాంటు ఎక్కక మంచం మీద వెల్లకిలా పడుకుని గుండీ పెట్టుకోవాలని చూస్తూ, 'నా పని అయిపోయిందే' అన్నావు. నవ్వుతూనే అన్నావు, కళ్ళలో మాత్రం నవ్వు లేదు. రాత్రికి ఒక వేలెడు తోలు అతికించాను. పొద్దున్నే ఎక్కింది. 'చూశావా, నిన్న ఉప్పు ఎక్కువ తిన్నానంతే' అని గంతులేశావు. ఆ గంతులు చూశాక నేనేం చెప్పను? అప్పటి నుంచి నీకు ఒక్కసారి కూడా టేపు పెట్టలేదు, గమనించావా? ఊళ్ళో అందరికీ కొలత తీసి కుడతాను, నీకు మాత్రం కంటితోనే కుట్టాను. టేపు పెడితే అంకె చెప్పాల్సి వస్తుందని.

మీ బావది కూడా అంతే. నీకు జ్వరం వచ్చి, అయినా షో మానని ఆ చలికాలం గుర్తుందా? ఆ వారానికి మాత్రమే అని ఒక అరమెట్టు దించారు. నువ్వు కూత పెట్టి, స్టేజీ దిగి, ఆయన్ని కావలించుకుని 'జ్వరంలో కూడా వచ్చింది బావా' అన్నావట. మళ్ళీ పెంచడానికి ఆయనకి చేతులు రాలేదు. పిడుక్కి తెలుసు, మౌనికి తెలుసు. ఎవరికి వాళ్ళు నీకు చెప్పాల్సింది ఇంకొకళ్ళని అనుకున్నారు.

మరి ఇప్పుడు స్టూళ్ళు ఎందుకంటావా? ఇంకా దించితే గిటారు తీగలు బట్టలారేసుకునే తాళ్ళలా వేలాడతాయట. నా సంగతీ అదే. నీ ప్యాంటుకి ఇంకో పట్టీ వేయడానికి చోటు లేదురా. వేస్తే పట్టీలే మిగులుతాయి, ప్యాంటు ఉండదు. చెప్పలేక, చేతగాక, మీ బావ ఆ బొమ్మని మేనేజరు చేత చూపించారు. అది పిరికితనమే. నేను కూడా ధైర్యం చేసి చెప్పింది ఏమీ లేదు.

అయితే ఒక్కటి చెప్పనీ. నీ పాత రికార్డు నువ్వు వినవు, నేను విన్నాను, ఈ వారమంతా విన్నాను. అందులో కూత అద్దాలు పగిలేలా ఉంది, నిజమే. కానీ ఆ కుర్రాడు రైలు ఎక్కి వెళ్ళిపోతున్నవాడిలా పాడాడు. ఇప్పుడు మూడు మెట్లు కింద నువ్వు పాడేది ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాడి పాట. రెండో చరణం దగ్గర నేను కుట్టుమిషను ఆపేస్తాను. నాకు ఆ రెండోవాడే ఇష్టం. నీకు ఇష్టం ఉన్నా లేకపోయినా.

మీ బావ నిన్న బస్సెక్కారు. నేను పంపలేదు. గిటారు తీసుకుని, మోకాలికి కట్టు కట్టుకుని, 'వాడు తలుపు తీయకపోతే బయట కూర్చుని వాయిస్తాను' అన్నారు. తలుపు తియ్యి. ఆయన మెట్ల మీద ఎక్కువసేపు కూర్చోలేరు.

షో మానేస్తావో చేస్తావో నీ ఇష్టం. ఏం చేసినా సరే, నాకు నీ కొలత కావాలి. నిటారుగా నిలబడి, ఒక్కసారి.

అక్క


ఏప్రిల్ 19

అక్కా,

తలుపు తీశాను. వెంటనే తీయలేదు. బయట మెట్ల మీద కూర్చుని బావ రైలు పాట మొదలుపెట్టాడు, తన కింది శ్రుతిలో, నెమ్మదిగా. పై అంతస్తు వాళ్ళు తొంగి చూస్తున్నారు. లోపల నిలబడి తిడుతున్నాను. తిడుతూ తిడుతూ రెండో చరణం ఎత్తుకున్నాను, అలవాటు కదా. తీశాక ఇద్దరం కాసేపు పోట్లాడుకున్నాం. నేను బావని మోసగాడన్నాను, బావ నన్ను గుడ్డివాడన్నాడు. తర్వాత బావ మోకాలికి ఐసు పెట్టాను.

షో చేశాం. పిల్లలు ముగ్గురూ, బావ. పిడుగూ మౌనీ వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. పొగ వద్దన్నాను. ప్యాంటు మామూలుదే, రోజూ వేసుకునేది. పైన నీ చొక్కా. స్టూలు పెట్టారు గానీ రెండు పాటలకి మించి దాని మీద నిలవలేకపోయాను, లేచి తిరుగుతూనే ఉన్నాను. అది వయసుతో పోయే జబ్బు కాదు.

రైలు పాట మూడు మెట్లు కింద అని మైకులో నేనే చెప్పాను. వెనకనుంచి ఒకడు 'కూత ఏది?' అని అరిచాడు. నాకు తిక్క రేగింది. చివరికొచ్చాక మైకు జనం వైపు తిప్పి, 'మీరే పెట్టండి' అన్నాను.

పెట్టారు అక్కా. పాత శ్రుతిలోనే ఎత్తుకున్నారు. వెయ్యి గొంతులు ఒక్కసారి లేచి, సగం దూరం వెళ్ళి, అన్నీ జీరబోయాయి. ఒక్కరికి కూడా అందలేదు. అప్పుడు హాల్లో లైట్లు వేయించి చూశాను. అందరూ మా వయసు వాళ్ళే. మన బ్యాండు పేరున్న పాత నల్ల టీషర్టులు వేసుకుని, పొట్టల మీద బిగుతుగా లాక్కుని నిలబడ్డారు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుతున్నారు. వాళ్ళకీ ఎవరో ఇంట్లో పట్టీలు వేస్తున్నట్టున్నారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, మైకు ఇంకా వాళ్ళ వైపే ఉంది కాబట్టి ఎవరికీ వినపడలేదు. బావకి తప్ప.

బ్యాండు సంగతి ఇంకా తేలలేదు. స్టూళ్ళ గురించి మళ్ళీ గొడవపడుతున్నాం. జుట్టుకి రంగు మానను, అది మాత్రం ఎవరూ నన్ను అడగొద్దు. బేస్ అమ్మాయి తన బ్యాండులో ఒక పాటకి నన్ను పిలిచింది, శ్రుతి మీరే చెప్పండి సార్ అంది. ఏమి చెప్పాలో ఇంకా చూసుకుంటున్నాను.

నువ్వడిగింది రాస్తున్నా. బట్టలు కుట్టే అతని దగ్గర టేపు అరువు తెచ్చుకున్నాం, బావ పట్టుకున్నాడు. ప్యాంటు నువ్వే కుట్టు. నల్లదే. పట్టీలు లేకుండా, ఒకే గుడ్డలో.

పొడవు నలభై. నడుము ముప్పై ఎనిమిది. ఊపిరి బిగపట్టలేదు.

నీ తమ్ముడు